ఎనిమిదో తరగతిలో జొన్నచేను

ముందు మీరు ఏం చూశారో చెప్పండి.

ఆ గురువారం పొద్దున్న ఏటిగట్టు మీద మీరూ ఉన్నారు. లేమనకండి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. తెల్ల జీపు వచ్చింది, చూశామంటారు. ముందు సీట్లో తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు కూడా చూశామంటారు. ఇంకా? మొహం చూశారా? మీసం ఉందా, లేదా? రాయి ఎవరు విసిరారని నేను అడగడం లేదు. దానికి వేరే వాళ్ళున్నారు. ఆ వేళప్పుడు మీ చూపు ఎటు ఉందో అది చెప్పండి చాలు.

గుర్తు లేదంటారా? సరే, బడి దగ్గర్నుంచి మొదలుపెడదాం. అక్కణ్ణుంచి వరసగా వస్తే మీకే గుర్తొస్తుంది.

ఆత్రేయపురం దాటాక గట్టు రోడ్డు పక్కన పల్లంలో ఉంటుంది హైస్కూలు. పొద్దున్నే ఆయా చిన్నమ్మాయి వరండా ఊడుస్తుంది. టీచర్లు ఒక్కొక్కరే వచ్చి ఫోనుకి మొహం చూపిస్తారు. ఫోను మొహం గుర్తుపడితేనే హాజరు. హెడ్మాస్టరు భాస్కరం గారి మొహాన్ని అది ఏ రోజూ మొదటిసారి ఒప్పుకోదు. ఆయన కళ్ళజోడు తీస్తారు, మళ్ళీ పెడతారు, ఎండలోకి వెళ్తారు, నీడలోకి వస్తారు. "నేనేనే బాబూ" అని దాన్ని బతిమాలుకుంటారు. పిల్లలు నవ్వుతారు. గంట కొడతారు. ప్రార్థన. ఇదీ రోజూ జరిగేది.

సోషల్ చెప్పే సత్యవాణి మేడం తండ్రి రాజమండ్రి స్టేషన్లో కూలీ. ఆయన మోసిన పెట్టెలతో చదువుకున్న మనిషి ఆవిడ. అందుకే ఒకడి బరువు ఇంకొకడి నెత్తి మీద కనిపిస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. అలా మండడం తప్పని నేననుకోను. మండనివాళ్ళని చూస్తేనే నాకు భయం.

డిసెంబరు రాగానే ఆవిడ ఎనిమిదో తరగతిలో బెంచీలు గోడకి జరిపించి పిల్లల చేత చందుర్తి యుద్ధం ఆడిస్తారు. చందుర్తి ఎక్కడో కాదు, పెద్దాపురానికి అవతలే. రెండువందల అరవై ఏళ్ళ కిందట, ఇలాంటి డిసెంబరులోనే, అక్కడ ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషు కంపెనీవాళ్ళూ కొట్టుకున్నారు. ఎవరి నేల కోసం? మన నేల కోసం. పుస్తకంలో ఉన్నా లేకపోయినా ఆవిడ మాత్రం ఆ పాఠం మానరు.

పిల్లలకి తుపాకులు అరటిమట్టలు. మట్ట మీద రెక్కల్లాగా కోసి, పైకి లేపి, అరచేత్తో ఒక్క తోపు తోస్తే ఫటఫటఫటమని మోగుతుంది. చిన్నప్పుడు మీరూ చేసే ఉంటారు. గుళ్ళు సుద్దముక్కలు. కంపెనీ సిపాయిల ఎర్రకోట్లకి మాత్రం మేడం వాళ్ళ నాన్న చొక్కాలూ, ఆయన స్నేహితుల చొక్కాలూ. స్టేషన్ కూలీల ఎర్ర చొక్కాలు. చేతి బిళ్ళ పెట్టుకున్న చోట ఇంకా చిల్లులున్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలకి అవి మోకాళ్ళ దాకా వస్తాయి.

ఆవిడ నల్లబల్ల మీద ఒక గీత గీసి, "ఇక్కడ ఫ్రెంచి. ఇక్కడ కంపెనీ. ఈ పక్కన జొన్నచేను" అనగానే, గచ్చు పగుళ్ళలోంచి జొన్న మొలుస్తుంది. హాజరు పిలిచేసరికి మోకాలెత్తు. ఆ పీరియడు అయ్యేసరికి కంకి వేసి, పిల్లల తలలు దాటిపోతుంది. ఇప్పుడు మన డెల్టాలో జొన్న ఎవరు వేస్తున్నారు? వరి, అరటి, కొబ్బరి, లేకపోతే చేపల చెరువు. జొన్నలంటే షుగరొచ్చినవాళ్ళు రావులపాలెంలో ప్యాకెట్టు కొనుక్కునే సరుకు. పిల్లలు ఆ కంకుల్ని ముట్టుకుని చూస్తారు. పెద్దవాళ్ళు కొందరు ఆ వాసన కోసం కిటికీ దగ్గరికొచ్చి కాసేపు నిలబడి వెళ్తారు.

భాస్కరం గారు అనేది ఒక్కటే. "మేడం, చేను వరండాలోకి రాకుండా చూసుకోండి. పైనుంచి ఎవరైనా వస్తే గచ్చు పాడైందంటారు."

చిన్నమ్మాయి ఆ రోజుల్లో ఇంటి దగ్గర్నుంచి కొడవలి తెచ్చుకుంటుంది. యుద్ధం అయిపోయాక చేను కోసి తన ఆవుకి వేసుకుంటుంది.

ఆ చేనుకి ఒక పద్ధతుంది. అరువు తెచ్చుకున్నదేదీ అది దాటి బైటికి రాదు. నిరుడు శాంతికుమార్ అనే పిల్లాడు వాళ్ళ బావ కొత్త బూట్లు వేసుకుని లోపలికి వెళ్ళాడు. ఇంకో వైపు నుంచి ఒట్టి కాళ్ళతో వచ్చాడు. కోత అయ్యాక మొదళ్ళలో బూట్లు దొరికాయి, లేసులు కట్టినవి కట్టినట్టే. వాళ్ళమ్మ వచ్చి బూట్లు తీసుకుని, వీపు మీద ఒకటి ఇచ్చి తీసుకెళ్ళింది. అందుకే చేలో దాక్కునే దొర వేషాలకి టోపీలూ అవీ ఎవరూ అరువు తేరు.

ఇప్పుడు గణేష్‌బాబు సంగతి.

గణేష్‌బాబు, చిట్టియ్య ఒకే పడవ మీద పనిచేసేవారు. గెడ పట్టుకుని గోదావరిలోకి మునిగి, బకెట్టుతో ఇసుక ఎత్తి పడవ నింపడం వాళ్ళ పని. ఊపిరి బిగబట్టి దిగడం, ఊపిరి కోసం పైకి రావడం. బుల్లిరాజు గారు ఇసుక ర్యాంపు వేలంలో పాడుకుని పెద్ద మిషన్లు దింపాక పడవలు ఒడ్డున బోర్లా పడ్డాయి. ఆయనే మళ్ళీ దయతలచి ఇద్దరికీ పనిచ్చారు. చిట్టియ్యని గేటు దగ్గర కర్ర ఎత్తి దించడానికి పెట్టారు. గణేష్‌బాబుని ర్యాంపు ఇన్‌చార్జి అన్నారు. ఏం చూసి ఇన్‌చార్జి అన్నారు? చదువా? తెలివా? కాదు. గణేష్‌బాబుదీ ఆయనదీ ఒకే ఎత్తు, ఒకే భుజాలు. దూరం నుంచి చూస్తే ఆయనే. ఈ మాట ఊళ్ళో అందరూ నవ్వుతూ అనేవారు. నవ్వేవాళ్ళు అక్కడితో ఆగిపోయారు.

మిషన్లు తవ్విన కొద్దీ లంకలో అరటితోటలు ఏట్లోకి జారిపోతున్నాయి. గెల వేసిన చెట్టు తెల్లారేసరికి నీళ్ళలో ఉంటోంది. మీరంతా తిరిగి తిరిగి ఆఫీసుల్లో మొరపెట్టుకున్నారు. చివరికి గురువారం అధికారులు వస్తారని, మిషన్లు పట్టుకుంటారని కబురొచ్చింది. ఆలోగా వాటిని దాటించకుండా మీరు తోటబాటకి కాపలా కూడా పెట్టుకున్నారు. బుల్లిరాజు గారు కనిపిస్తే వదిలేది లేదని గట్టు మీద రాళ్ళు పోగేశారు. ఇదంతా మీకు తెలిసిందే. ఆయనకీ తెలుసు. తెలియనిది ఒక్క గణేష్‌బాబుకే.

బుధవారం సాయంత్రం ఆయన గణేష్‌బాబుని పిలిచి, ఇస్త్రీ చేసిన తన తెల్ల చొక్కా ఇచ్చారు. నల్ల కళ్ళద్దాలు ఇచ్చారు. జీపు తాళం, తన ఫోనుల్లో ఒక ఫోను ఇచ్చారు.

"ఒరేయ్ గణేషూ, రేపట్నుంచి నువ్వే నేనురా" అన్నారు.

గణేష్‌బాబు ఆ చొక్కా తెచ్చి ఇంట్లో తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. ఎనిమిదో తరగతి చదివే కూతురు వెంకటదుర్గ మంచం మీద కూర్చుని అరటిమట్టకి రెక్కలు కోస్తోంది.

"ఎలా ఉన్నానే?"

"ఎవరిలాగో ఉన్నావు" అంది దుర్గ తలెత్తకుండా. "నాన్నా, రేపు యుద్ధంలో నేను ముందు వరసలో ఉన్నా. ఎర్ర చొక్కా."

"ముందు వరసలోనా! గెలుస్తావా?"

"గెలవడం చివర్లో కదా. నేను మొదట్లోనే చచ్చిపోతాను."

గణేష్‌బాబు అద్దంలోంచి చూపు తిప్పాడు. "ఇన్‌చార్జి గారి అమ్మాయి మొదట్లోనే చావడమేంటే?"

"మేడం అలా పెట్టారు. దొరలేమో జొన్నలో ఉంటారు."

"అయితే నువ్వూ జొన్నలోనే ఉండు. రేపు నేనొచ్చి చెప్తా మీ మేడంకి."

వంటింట్లోంచి దుర్గ తల్లి అంది, "చొక్కా ఇచ్చినాయన బనీను కూడా ఇవ్వకపోయాడా? ఇదిగో, ఆ పాత గళ్ళ చొక్కా నేను గిన్నెలు దింపడానికి మసిగుడ్డ చేసేశా, మళ్ళీ వెతుక్కుంటావేమో." గణేష్‌బాబు పడవ మీద వేసుకున్న చొక్కా అది. "ఇంక దాంతో నాకు పనేంటి" అన్నాడు.

గురువారం పొద్దున్న బడి గేటు ముందు తెల్ల జీపు ఆగింది. వెనక సీట్లో చిట్టియ్య ఉన్నాడు. "ఒక్క నిమిషంరా, వచ్చేస్తా" అని, ఇంజను ఆపకుండానే గణేష్‌బాబు దిగి వెళ్ళాడు. భాస్కరం గారు వరండాలో ఫోనుకి మొహం చూపించుకుంటూ, తెల్ల చొక్కా చూసి, "నమస్కారం బుల్లిరాజు గారూ" అని గబగబా లేచారు. గణేష్‌బాబుకి ఆ నమస్కారం కడుపులో చల్లగా తగిలింది. దిద్దలేదు.

ఎనిమిదో తరగతిలో అప్పటికే జొన్న భుజాలెత్తు లేచింది. చేనుకి ముందు ఎర్ర చొక్కాల వరస. వాళ్ళకి ఎదురు గోడ దగ్గర ఫ్రెంచివాళ్ళు. మేడం మధ్యలో బెత్తం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మొదటి వరస మోకాళ్ళ మీద. రెండో వరస నిలబడి. మొదటివాళ్ళు కాల్చాక గుండు కూరుకునేదాకా రెండోవాళ్ళు కాల్చాలి. ఎవరూ ఒక్కడే కాల్చకూడదు. అరుపు వినపడ్డాకే, అందరూ ఒకేసారి."

కౌముది అనే పిల్ల చెయ్యెత్తింది. "మేడం, ఫ్రెంచివాళ్ళ సిపాయిలు కూడా మనోళ్ళేనా అండీ?"

"మనోళ్ళే."

"మరి మేం ఎవర్ని కాల్చాలండీ?"

"ఎదురుగా ఉన్నవాణ్ణి."

"వాడూ మనోడేగా అండీ?"

"ఆఁ. అందుకే అరుపు మీద కాల్చమంటారు. ఆలోచించుకోడానికి టైమివ్వరు."

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అటువైపు వరసలో ఉన్నవాడు ఇటువైపు పిల్ల తమ్ముడు. అటు ఉండాలో ఇటు ఉండాలో తెలియక ఇద్దరు ముగ్గురు చోట్లు మారి, మళ్ళీ మారి, తాము మొదట ఎటున్నారో మరిచిపోయారు. మేడం కసరలేదు. ప్రతి ఏడూ ఇక్కడ ఇంతే. అసలు యుద్ధంలోనూ ఇంతే అయ్యుంటుంది.

"మేడం గారూ" అన్నాడు గణేష్‌బాబు గుమ్మంలోంచి. "మా అమ్మాయికి ఆ కూలీ చొక్కా వేసి ముందు చంపేస్తారంట. ఇదేం పద్ధతండీ? ఆ దొరల్లో పెట్టండి. వాళ్ళూ మనుషులే, మేమూ మనుషులమే."

సత్యవాణి మేడం ఆయన్ని కింద నుంచి పైదాకా చూశారు. చొక్కా దగ్గర చూపు కాసేపు నిలిచింది.

"అలాగేనండి" అన్నారు. "లోపలికెళ్ళి అక్కడ చోటుందేమో చూసి రండి. ఉంటే పెడదాం."

గణేష్‌బాబు జొన్నలోకి వెళ్ళాడు.

తరగతి గది ఎంత, పది బెంచీలు పట్టేంత. లోపలికి వెళ్ళాక మాత్రం చేను చేనంతా ఉంది. ఆకులు చెంపలకి గీసుకున్నాయి. పుప్పొడి ముక్కులోకి పోయింది. కాస్త లోపలికి వెళ్ళేసరికి, కింద గొంతుక్కూర్చుని ఉన్నారు దొరలు. ఆరేడుగురు పిల్లలు. శశిభూషణ్ అనేవాడు జేబులోంచి జాంకాయ తీసి కొరుకుతున్నాడు.

"కూర్చోండి మావయ్య గారూ, తల కనిపిస్తుంది" అన్నాడు వాడు గుసగుసగా.

గణేష్‌బాబు కూర్చున్నాడు. "ఏం చేస్తున్నార్రా ఇక్కడ?"

"దాక్కున్నామండి. అక్కడ ఎర్ర చొక్కాలున్నాయి కదండీ, ఫ్రెంచివాళ్ళు వాళ్ళనే దొరలనుకుంటారు. వచ్చి వాళ్ళ మీద పడిపోతారు."

"మరి మీరెప్పుడు లేస్తారు?"

"వాళ్ళు చచ్చాకండి."

"ముందే లేవచ్చు కదరా!"

శశిభూషణ్ ఆయన్ని జాలిగా చూశాడు. "ముందే లేస్తే ప్లాను తెలిసిపోద్ది కదండీ. ఫ్రెంచివాళ్ళు తుపాకులు ఖాళీ చేసుకోవాలి, వరస చెదిరిపోవాలి. అప్పుడు పక్క నుంచి మేం లేస్తాం. ఇంద, జాంకాయ తింటారా?"

మొక్కల సందులోంచి గణేష్‌బాబుకి ఎర్ర చొక్కాల వీపులు కనిపించాయి. చివర్లో ఒక వీపు దుర్గది. జడ చొక్కా లోపలికి పోయింది. చేతులు మడిచినా మళ్ళీ జారిపోతున్నాయి. అరటిమట్ట పట్టుకుని ఎదురుగా చూస్తూ మోకాళ్ళ మీద నిలబడి ఉంది. వెనక్కి చూడడం లేదు. వెనక ఇంతమంది కూర్చుని తను పడిపోయే వేళ కోసం కాచుకున్నారని ఆ వీపుకి తెలిసినట్టు లేదు.

జేబులో ఫోను మోగింది.

"ఎక్కడ చచ్చావురా?" బుల్లిరాజు గారు. "జీపు ఇంకా గట్టెక్కలేదేంటి?"

"బడి దగ్గరున్నానండి. మా అమ్మాయి..."

"అమ్మాయి సంగతి తర్వాత. జనం పోగయ్యారు. నువ్వు మెల్లగా గట్టు మీదికి పోనీ. అద్దాలు దింపకు, కళ్ళజోడు తియ్యకు. ఆపితే ఆపనీ, నువ్వు మాత్రం దిగొద్దు. వాళ్ళంతా నీ మీదికి వచ్చేసరికి నేను ఇటు తోటలోంచి మిషన్లు దాటించేస్తాను."

"తమరు తోటలో ఉన్నారాండీ?"

"మరెక్కడుంటాన్రా! ఎళ్ళు ముందు!"

ఫోను పెట్టేశారు. గణేష్‌బాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. చేతిలో ఎప్పుడు తీసుకున్నాడో జాంకాయ ఉంది. నీళ్ళలో బాగా అడుక్కి దిగినప్పుడు పైన ఎటుందో, కింద ఎటుందో తెలియని క్షణం ఒకటుంటుంది. అలాగుంది. తను దొరల్లో ఉన్నాడా, వరసలో ఉన్నాడా? ఇందాక భాస్కరం గారు నమస్కారం పెట్టింది ఎవరికి?

బైట మేడం అరుపు వినిపించింది. అరటిమట్టలు ఫటఫటమన్నాయి. సుద్దముక్కలు జొన్నాకుల మీద టపటపా పడ్డాయి. దుర్గ ముందుకి వంగి, పక్కకి ఒరిగి, నేల మీద పడిపోయింది.

గణేష్‌బాబు లేచాడు.

"ఇంకా ఇప్పుడు కాదు మావయ్య గారూ!" అంటున్నా వినకుండా చేను చీల్చుకుంటూ అటు నడిచాడు. చేను వదిలిపెట్టడానికి చాలాసేపు పట్టింది. బైటికొచ్చేసరికి ఆయన ఒంటి మీద గళ్ళ చొక్కా ఉంది. పాతది. భుజం దగ్గర గెడ రాసుకుని చిరిగిన చోట దుర్గ తల్లి వేసిన కుట్టుతో సహా అదే. ఏటి తడి వాసన వేస్తోంది. జేబులో ఫోను లేదు. కళ్ళద్దాలు లేవు. పిల్లలెవరూ ఆ సంగతి పట్టించుకోలేదు. చేను పద్ధతి వాళ్ళకి తెలిసిందే.

ఆయన దుర్గ పక్కన కూలబడ్డాడు. "లేమ్మా. లే."

"నేను చచ్చిపోయాను నాన్నా" అంది దుర్గ కళ్ళు మూసుకునే. "గంట కొట్టేదాకా లేవకూడదు."

ఆయన అక్కడే కూర్చుండిపోయాడు. ఫ్రెంచివాళ్ళు కేకలేస్తూ ముందుకొచ్చారు, వరస తప్పారు. జొన్నలోంచి దొరలు లేచారు. యుద్ధం అయిపోయింది. గంట కొట్టారు.

మేడం చివర ఒకే ప్రశ్న అడుగుతారు. ఏటా అదే. "ఏం చూశారు? చదివింది కాదు. చూసింది చెప్పండి."

"దొరలు గెలిచారండి" అన్నాడు శశిభూషణ్.

"నాకు పొగ కనిపించిందండి" అన్నాడొకడు. పొగ ఎక్కడిదో మరి.

"నువ్వు, దుర్గా?"

దుర్గ ఎర్ర చొక్కాకంటిన సుద్ద దులుపుకుంటోంది. "నేనేం చూళ్ళేదు మేడం, చచ్చిపోయాను కదండీ. నేల చూశాను."

సత్యవాణి మేడం కిటికీ వైపు తిరిగారు. పిల్లల కోసమో తన కోసమో గాని, అన్నారు: "వాళ్ళు జొన్నలో దాక్కుంటే యుద్ధతంత్రమన్నారు. వీళ్ళు గుండు దెబ్బకి చెదిరితే పిరికితనమన్నారు. రాసుకున్నది వాళ్ళు. మీరు మాత్రం అలా రాయొద్దు."

చిన్నమ్మాయి కొడవలితో చేను కోయడం మొదలెట్టింది. మొదళ్ళలో తెల్ల చొక్కా దొరికింది, బొత్తాలు పెట్టినవి పెట్టినట్టే. మడత కూడా నలగలేదు. కళ్ళద్దాలు పైజేబులో ఉన్నాయి. మట్టి దులిపి వరండా స్తంభానికున్న మేకుకి తగిలించింది. ఫోను గచ్చు మీద పడి మోగుతూనే ఉంది. ఎవరిదో తెలియక, గేటు దగ్గర ఉన్న చిట్టియ్యని పిలిచింది.

"చిట్టియ్యా, మీవాడిదేనా ఇది? మోగి మోగి చస్తోంది."

చిట్టియ్య ఎత్తాడు. "ఆయ్. చిట్టియ్యనండి. గణేషా? ఉన్నాడండి, నేల మీద కూర్చున్నాడు. పలకడం లేదండి. చొక్కానా? చొక్కా ఉందండి. నేనాండీ?" ఆ 'నేనాండీ' అన్నప్పుడు చిట్టియ్య మొహం ఎలా వెలిగిందో చిన్నమ్మాయి చూసింది. గేటు దగ్గర కర్ర ఎత్తే మనిషి కదా. "నాకు కాస్త వదులవుతుందేమోనండి. అలాగేనండి. దిగనండి. దిగను."

కాసేపట్లో జీపు కదిలిన చప్పుడు గణేష్‌బాబుకి వినిపించింది. తల తిప్పి వరండాలో మేకు చూశాడు. మేకుకి చొక్కా లేదు.

అప్పుడు లేచాడు. ఒక్క ఉదుటున బడి వెనక గోడ దూకి, కాలవ దాటి, అడ్డదారిన గట్టు వైపు పరిగెత్తాడు.

ఇక ఇక్కణ్ణుంచి మీకు తెలుసు. మీరక్కడే ఉన్నారు.

తెల్ల జీపు గట్టెక్కింది. "వస్తున్నాడు!" అని ఎవరో అరిచారు. ఆ అరుపు మీద తోటబాట దగ్గర కాపలా ఉన్నవాళ్ళు కూడా అది వదిలేసి వచ్చేశారు. చుట్టూ ముసిరారు. చేతుల్లో గట్టు రాళ్ళున్నాయి. జీపు ఆగింది, అద్దాలు దించలేదు. లోపల తెల్ల చొక్కా కదలకుండా కూర్చుంది.

ఇంతలో గట్టు కింద నుంచి ఒక గళ్ళ చొక్కా ఎగబాకి వచ్చి జీపుకి అడ్డం నిలబడింది.

"ఆగండి! ఆయన కాదండీ! ఆయన లేడండీ ఇందులో!"

"నువ్వెవడ్రా?"

"గణేష్‌బాబునండి. పడవ గణేష్‌బాబుని."

ముందున్నవాళ్ళు తికమకపడ్డారు. మీలో ముందున్న అప్పాజీ గారైతే ఎత్తిన రాయి ఎత్తినట్టే ఉంచి, "దూరం నుంచి ఆయనలా ఉండేది నువ్వొక్కడివే కదా? నువ్విక్కడుంటే ఆ జీపులో ఉన్నదెవడు? ఆయనేనా?" అన్నారు. వెనక నుంచి "ఆయనే! గణేషుడు బైటున్నాడంటే లోపలున్నది ఆయనే!" అని ఇంకెవరో. నిజం చెప్పినందుకు సంగతి ఇంకా అడ్డం తిరిగింది. కొన్ని చేతులు దిగాయి, కొన్ని లేచాయి. ఎవరి పక్కన ఎవరున్నారో ఎవరికీ తెలియలేదు.

ఒక రాయి మాత్రం అప్పటికే ఎవరి చెయ్యో దాటింది.

అద్దం పగిలింది. గణేష్‌బాబు తలుపు లాగాడు. నల్ల కళ్ళద్దాలు జారి పడ్డాయి. లోపల చిట్టియ్య. కనుబొమ తెగి, నెత్తురు చెంప మీదుగా కారి, ఇస్త్రీ చొక్కా ముందువైపంతా ఎర్రగా తడిసిపోయింది.

"నేనేరా" అన్నాడు. "నేనేరా గణేషూ. దిగొద్దన్నారు."

గణేష్‌బాబు వాణ్ణి కిందికి దింపి, బొత్తాలు ఒక్కొక్కటీ విప్పి, ఆ చొక్కా తీసి నేల మీద పడేశాడు. తన గళ్ళ చొక్కా విప్పి గాయానికి అదిమిపట్టాడు. దెబ్బ కంటికి తగలలేదు. కుట్లు పడ్డాయి, మానుతోంది. ఇప్పుడిద్దరూ ఒడ్డున బోర్లాపడ్డ పడవని తిప్పి, పగుళ్ళకి తారు పూస్తున్నారు. జీపులో గణేష్‌బాబు ఉండాల్సింది, లేడు. అద్దం పక్కనున్న తలకాయ ఆయనది కాకుండా పోయింది. ఇది జొన్న వల్లేనా అని తేల్చుకోడానికి దుర్గ తల్లి ఆ మసిగుడ్డ కోసం ఇల్లంతా వెతికింది. అది ఇంట్లో లేదు.

అదంతా తర్వాతి మాట. నేను అడిగేది ఆ క్షణం గురించి.

అద్దం పగిలింది. నెత్తురు కనిపించింది. అందరూ జీపు చుట్టూ మూగారు. గణేష్‌బాబు ఒక్కడే, చిట్టియ్య తల ఒళ్ళో పెట్టుకుని, జీపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. "అటు చూడండి, అటు చూడండి" అంటూనే ఉన్నాడు. గొంతు పెద్దదేం కాదు. కానీ వినపడనంత చిన్నదీ కాదు.

గాలి లేదు. గోదావరి అద్దంలా ఉంది. అయినా గట్టు దిగువన తోటలో అరటాకులు, ఒక వరస తర్వాత ఒక వరస, కదులుతూ పోయాయి.

చేతిలో రాయి పట్టుకుని మీరూ అక్కడే ఉన్నారు. అప్పుడు మీరు ఎటు చూస్తున్నారు?